అబద్ధానికి కొలతలు

బడికీ నాకూ ఆరో తరగతిలోనే చెల్లు. అయినా అది నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత మా అక్క కూతురి చేతికి ఓ కాగితమిచ్చి నా వడ్రంగి షెడ్డుకి తోలింది.

ఈ పిల్ల ఆటల మాస్టారిని బంతులు పెట్టే గదిలో ఉంచి, బయట గడియ పెట్టిందట. గంటన్నర. శిక్షగా నాలుగు శనివారాలు ఒక పెద్దమనిషి దగ్గర గడపాలి. కలిసి నడవాలి, వండాలి, ఏదో ఒక ఆట ఆడాలి, ఆయన చేతిపని కొంచెం నేర్చుకోవాలి. కాగితం నిండితేనే ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. లేదంటే ఏడాదంతా గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే.

"పెద్దమనుషులెవరూ దొరకలేదా?" అన్నాను.

"అమ్మకి శనివారం ఆసుపత్రి డ్యూటీ. మామయ్య ఖాళీగానే ఉంటాడంది."

ఖాళీ అట! ఒక తలుపూ రెండు బీరువాలూ నా నెత్తిన కూర్చునున్నాయి. చెవి మీద పెన్సిలు తీసి నాలుగు గళ్ళలోనూ టిక్కులు కొట్టి సంతకం గీకేశాను.

"అయిపోయింది. పో, ఆడుకో."

కదల్లేదు. "చివర్న టీచరమ్మ ఇద్దర్నీ విడివిడిగా అడుగుతుంది. పోయినసారి ఒకడు నాన్నతో చేపలు పట్టానన్నాడు, వాళ్ళ నాన్నేమో సినిమాకెళ్ళామన్నాడు. దొరికిపోయారు."

"అయితే అబద్ధం గట్టిగా బిగించాలి" అన్నాను. బడిలో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

బల్ల మీద కూర్చుని మొదలెట్టాం. ఎక్కడికి నడిచాం? వంతెన దాకా. దారిలో ఏం చూశాం? ఇద్దరికీ తెలీదు.

"టీచరమ్మ ఇల్లు వంతెన పక్కనే మామయ్యా. తప్పు చెబితే అయిపోతాం."

సరే, కొలతలు తీసుకుందామని బయల్దేరాం. వెళ్ళేప్పుడు వెయ్యిన్నూట పన్నెండు అడుగులు. వచ్చేప్పుడు ఈవిడగారు పిల్లి వెంట పరిగెత్తి లెక్క చెడగొట్టింది. మళ్ళీ వెళ్ళాం.

రెండో శనివారం వంట. "ఆమ్లెట్ మాడిందని చెబుదాం, నువ్వు చేశావంటే నమ్ముతారు" అంది. ఎంత మాడిందని అడిగితే? షెడ్డులోనే స్టవ్ వెలిగించి మాడ్చాం. రుచి అడుగుతారేమోనని తిన్నాం కూడా. మూడో శనివారం చదరంగం ఆడాం. ఎవరు గెలిచారన్న దగ్గర తెగక, సమానమని చెప్పేద్దామనుకున్నాం. నాలుగోవారం చేతిపనికి సాక్ష్యం కావాలి కదా, పిల్ల చేతే ఒక పీట చేయించాను. ఒక కాలు కుంటుతుంది. నేను చెప్పినట్టు చిత్రిక పట్టుంటే కుంటేది కాదు.

టీచరమ్మ నన్ను చిన్నపిల్లల బెంచీ మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. విడివిడిగా అడగడం అయ్యాక ఇద్దర్నీ నిలబెట్టింది.

"అడుగుల లెక్కతో సహా ఒకేలా అప్పజెప్పారు. నిజంగా తిరిగినవాళ్ళెవరూ ఇలా చెప్పరు. బట్టీ పట్టారు కదూ?" జట్టు జాబితాలో పిల్ల పేరు మీదికి పెన్ను దించింది.

నాకు ఒళ్ళు మండింది. బతుకంతా అబద్ధాలాడినా ఎవడూ పట్టుకోలేదు. నిజం చెప్పిన పూట పట్టుకుంటారా! "అన్నీ చేశామమ్మా!" అని అరిచాను. ఎందుకు చేశామో మాత్రం మింగేశాను.

"పైగా చదరంగం సమానమట!" అంది వెటకారంగా.

ఆ మాటకి పిల్ల ఆగలేకపోయింది. "సమానమేం కాదు టీచర్! గెలిచేది నేనే! నీళ్ళు తాగి వచ్చేలోపు నా మంత్రిని రంపప్పొట్టులో దాచేశాడు!"

"నా గుర్రం మీద మోచెయ్యి పెట్టి పడేసిందెవరే?"

"అది చూసుకోలేదు!"

"నాకూ పొట్టు కనబళ్ళేదు!"

"పెద్దవాడివి, సిగ్గులేదూ?"

"దొంగాటకి పెద్దేంటి, చిన్నేంటి?"

టీచరమ్మ నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టింది. "బట్టీ పట్టినవాళ్ళు ఇలా కొట్టుకోరు" అంటూ కాగితం మీద ముద్ర గుద్దింది. "గోలు నువ్వే కాయి. ఆటల మాస్టారి జోలికి మాత్రం పోకు."

గేటు దాటాక పిల్ల నా చొక్కా పట్టుకు లాగింది. "శనివారం వస్తా."

"కాగితం అయిపోయిందిగా?"

"ఆట అవలేదుగా."

శుక్రవారం షెడ్డంతా ఊడ్చి, పొట్టు జల్లించాను. మంత్రి దొరికింది. ఈసారి జిగురు డబ్బా వెనక పెట్టాను.