టోర్గైర్ బండికి రెండో కన్ను

ట్రోండ్‌హైమ్ రోబో క్లబ్బులో టోర్గైర్ బండి అంటే పేరున్న బండి. డెబ్బై దాటిన ఆయన పనితనం ముందు మిగతావాళ్లంతా చేతులు కట్టుకు నిలబడాల్సిందేనని, క్లబ్బులో ఆయనకు సాయపడే సిగ్రూన్ అందరితోనూ వాదిస్తుంది. పోటీలో బండి తనంతట తాను వెళ్లి సరిగ్గా గీత మీద ఆగాలి. అలాంటి బండి ఈ చలికాలం గీత చేరకుండానే ఆగిపోవడం మొదలుపెట్టింది.

చక్రానికి ఒక చిల్లుల బిళ్ళ, దాని ఎదుట సెన్సర్. చిల్లు దాటినప్పుడల్లా ఒక లెక్క. చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో, ఎంత దూరం వచ్చిందో బండికి తెలిసేది ఆ లెక్కతోనే. సిగ్రూన్ బిళ్ళ మార్చింది, వైర్లు మార్చింది. ఆమె పెట్టి వదిలితే బండి బుద్ధిగా గీత మీదే ఆగుతోంది. ఆయన వదిలితే జానెడు ముందే చతికిలబడుతోంది.

కారణం ఆమెకు తెలియక కాదు, చెప్పడానికి నోరు రాలేదు. లెక్క స్విచ్ వేయగానే మొదలవ్వాలి, ఈల మోగేదాకా తయారు చేసినవాళ్లే బండిని నేలకానించి పట్టుకోవాలి. అది పోటీ నియమం. ఆయన చేయి వణుకుతోంది. చక్రం కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊగుతుంటే, ఎటు తిరిగిందో తెలియని ఆ పిచ్చి సెన్సర్ అదంతా ప్రయాణమే అనుకుంటోంది.

చివరికి వాఫుల్స్ తింటూ అనేసింది. "ఈసారి నా పేరు రాయిద్దాం టోర్గైర్. నేను పట్టుకుంటా."

"బండి నాది, పేరు నీదా? బాగుందే," అన్నాడాయన. ఈ ఏడాదితో క్లబ్బు మానేస్తానని కూడా నెమ్మదిగా చెప్పాడు. సిగ్రూన్‌కి ప్రాణం ఉసూరుమంది.

తరువాతి వారం బిళ్ళ పక్కన రెండో సెన్సర్ వెలిసింది. చక్రం ముందుకు తిరిగితే చిల్లును మొదటిది ముందుగా చూస్తుంది, వెనక్కి తిరిగితే రెండోది. ముందుకైతే ఒకటి కలుపు, వెనక్కైతే ఒకటి తీసెయ్. ఇంకెవరైనా అయితే వణుకు దాచుకునేవారు. ఈ మహానుభావుడు దాన్నే లెక్కలోకి తీసుకున్నాడు!

పోటీ రోజున జనాన్ని చూసి టోర్గైర్ చేయి మరింత వణికింది. బండి వీపు మీది చిన్న తెరలో లెక్క సున్నా, ఒకటి, మళ్లీ సున్నా. ఈల మోగింది. బండి దూసుకుపోయి, వేగం తగ్గించుకుని, సరిగ్గా గీత మీద ఆగింది.

సిగ్రూన్ కళ్లు తుడుచుకుంది. వచ్చే ఏడూ నేనే పట్టుకుంటా అన్నాడాయన.

"అప్పటికి చేయి ఇంకా వణుకుతుందేమో," అంది.

"వణకనీ. బండి ఇక దాన్ని నమ్మదుగా."