గుమ్మం దాటని బార్సిలోనా

రెండువేల సంవత్సరం వచ్చింది. అందరూ భయపడ్డట్టు వైటూకే దెబ్బకు కంప్యూటర్లు ఆగిపోలేదు, విమానాలు కూలిపోలేదు. అందులో తన పాత్ర ఎంత ఉందో కృష్ణప్రసాద్ ఎవరడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ ఘనకార్యానికి మెచ్చి బార్సిలోనాలో మీటింగులకు పంపింది. భార్య కాత్యాయనిని కూడా వెంట తీసుకెళ్లాడు. ఊరు చూడటానికి మిగిలింది ఒక్క రోజు. తిరిగొచ్చిన శనివారమే క్లెమెంటిలోని తమ ఫ్లాటుకు పురుషోత్తాన్నీ, ఆయన భార్య కుమారమ్మనీ భోజనానికి పిలిచాడు. భోజనం సాకు. అసలు సంగతి వీడియో.

పురుషోత్తం తాతలనాడే కోస్తా నుంచి ఓడెక్కి వచ్చి సింగపూర్‌లో స్థిరపడ్డ కుటుంబంవాడు. తంజోంగ్ పగార్‌లో పాత మేడలను పడగొట్టకుండా బాగుచేయించే చిన్న కంపెనీ ఆయనది. కట్టడాల గురించి చెబితే ఆయనకే చెప్పాలని కృష్ణప్రసాద్ ముచ్చటపడ్డాడు.

టీవీలో బార్సిలోనా వచ్చింది. అంటే కృష్ణప్రసాద్ ముఖం వచ్చింది, దాని చెవుల పక్కన మిగిలిన సందుల్లో బార్సిలోనా అక్కడక్కడా కనిపించింది.

"ఇది గౌడీ అనే ఆయన కట్టిన అపార్ట్‌మెంట్, అంకుల్. ముందుగోడ చూడండి, అలల్లాగా ఎట్లా వంకర్లు పోయిందో! ఆ రోజుల్లో ఆటోక్యాడ్ లేదు కదా, పాపం, గీత తిన్నగా రాలేదు."

ఆ వీడియో తీసింది కాత్యాయని. ఆ వంకర గోడ ఫొటో హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో ఆమె హాస్టల్ గదిలో మంచం పక్కన ఉండేది. పెళ్లై సింగపూర్ వచ్చాక ఆమె డ్రాయింగ్ బోర్డు మీద పుట్టింట్లో అప్పడాలు ఎండుతున్నాయి. ఆ మేడ పైకప్పు ఎక్కి చూద్దామని ఆమె ఆరోజు అడిగింది. "పైన ఏముంటాయి, వాటర్ ట్యాంకులేగా," అన్నాడతను. కొండ మీది పార్కులో పగిలిన పింగాణీ పలకల ముక్కలు అతికించిన పొడుగాటి బెంచీని చూసి, "మన ఫ్లాట్‌లో ఎవడైనా ఇట్లా అతికిస్తే ఊరుకుంటామా?" అన్నాడు. ఆ మాట వీడియోలో కూడా ఉంది. కుమారమ్మ మర్యాదకు నవ్వింది.

తర్వాత పెద్ద చర్చి వచ్చింది. వందేళ్లు దాటినా ఇంకా కడుతూనే ఉన్న చర్చి. ఆరోజు అక్కడ క్యూలో నిలబడగానే కృష్ణప్రసాద్ ఫోన్ మోగింది. సింగపూర్‌లో సర్వర్ పడిపోయింది. అతను ఎదుటి కాఫీ షాపులో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు చూసిరా. పూర్తికాని బిల్డింగ్‌లో చూడ్డానికేముంది? ఈపాటికి మన క్లెమెంటిలో అయితే బ్లాకు కట్టేసి జనాన్ని కూడా దింపేసేవాళ్లు."

కెమెరా అతని బల్ల మీదే వదిలి కాత్యాయని ఒక్కతే లోపలికి వెళ్లింది. లోపలంతా దుమ్ము, పనివాళ్లు ఎక్కే సారవలు, రాయి కోసే యంత్రాల రొద. వాటి మధ్యలోంచి స్తంభాలు లేచాయి. తలెత్తి చూస్తూ ఆమె మెడ నొప్పి పుట్టేదాకా నిలబడింది. ఇది ఇట్లా ఉంటుంది, అది అట్లా ఉంటుందని పక్కన ఎవరూ వివరించలేదు. ఎందుకో ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కనుక కాసేపు ఏడ్చింది. బయటికి వచ్చేసరికి అతను ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు. "అయిందా? పద, షాపింగ్ ఉంది," అన్నాడు. ఎలా ఉందని అడగలేదు.

ఇప్పుడు పురుషోత్తం పళ్లెం పక్కకు జరిపి ముందుకు వంగాడు. "లోపల ఎట్టా ఉండాది తంబీ?"

కృష్ణప్రసాద్ ముద్ద నమిలాడు. మింగాడు. "గ్రాండ్‌గా ఉంటుంది అంకుల్. పెద్ద పెద్ద స్తంభాలు. నిటారుగా. చార్మినార్ మీనార్లలాగా."

"అంత కప్పు బరువు ఎట్టా నిలబడతాది మరి? గోడలేనా మోసేది?"

"అదే అంకుల్... టెక్నాలజీ."

రసం గిన్నె పట్టుకొచ్చిన కాత్యాయని దాన్ని బల్ల మీద పెట్టింది. ఇంతవరకు అతని ప్రతి మాటకూ తలూపింది. ఈసారి తల ఊగలేదు.

"అవి నిటారుగా లేవు అంకుల్. వాలి ఉన్నాయి," అంది. చేతులు పైకెత్తి వేళ్లు విప్పింది. "పైకెళ్లాక ఇట్లా కొమ్మల్లా చీలతాయి. కప్పు బరువు ఆ కొమ్మల్లోంచి దిగి, ఆ వాలులోనే నేలకు చేరుతుంది. అందుకే గోడలకు బయటి నుంచి ఊతాలు పెట్టక్కర్లేదు."

కుమారమ్మ తినడం ఆపింది. "నువ్వు లోపలికి పోయినావా అమ్మా?"

"నేను వెళ్లాను ఆంటీ."

ఆ 'నేను' కాస్త గట్టిగా పలికింది. కృష్ణప్రసాద్ అందరికంటే ముందు నవ్వేశాడు. "నేనే పంపాను. 'నువ్వు చూడు, బయట నేను మేనేజ్ చేస్తా' అని."

పురుషోత్తం అతని వైపు చూడలేదు. "ఈ కట్టడాల చదువే చదివినావా అమ్మా? సోమవారం మా ఆఫీసుకు రా. ఒక పాత షాప్‌హౌస్ గోడ వాలిపోయింది. అందరూ కూలగొట్టమంటున్నారు. నువ్వు చూసి చెప్పు."

"ఆమెకు కుదరదేమో అంకుల్, ఇంట్లో బోలెడు..."

"కుదురుతుంది," అంది కాత్యాయని.

సోమవారం ఆమె, కింద దుకాణం పైన కాపురం ఉండే ఆ షాప్‌హౌస్‌లో వాలిన గోడ వెనక దూరింది. చీర ఖరాబైంది. గోడలో తప్పేమీ లేదు, వెనకున్న నీళ్ల గొట్టం ఏళ్ల తరబడి కారి పునాదిని నానబెట్టింది. గొట్టం మార్చి, గోడకు ఊతమిచ్చి, పునాది బిగిస్తే చాలంది. అట్లాగే చేశారు. గోడ నిలిచింది, ఆమెకు ఆ కంపెనీలోనే ఉద్యోగమూ వచ్చింది.

కృష్ణప్రసాద్ పొద్దున్నే తన కాఫీ తానే కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఆ త్యాగం రాఫెల్స్ ప్లేస్‌లో తెలియనివాళ్లు లేరు. 'మా మిసెస్‌లో టాలెంట్ ఉందని మొదట కనిపెట్టింది నేనే' అని కూడా చెప్పుకున్నాడు. ఒక మధ్యాహ్నం సాక్ష్యంగా ఇద్దరు కొలీగ్స్‌ను తంజోంగ్ పగార్‌కు వెంటబెట్టుకొచ్చి, ఆ షాప్‌హౌస్ ముందు నిలబడి గోడ బరువు ఎటు దిగుతుందో వివరించసాగాడు. పైన సారవ మీదున్న కాత్యాయని తొంగిచూసింది.

"అక్కణ్నుంచి జరగండీ! సున్నం గీకుతున్నాం!"

కొలీగ్స్ ఇద్దరూ జరిగారు. వాక్యం మధ్యలో ఉన్నాడేమో, కృష్ణప్రసాద్ జరగలేదు.