కాజా కుట్టిన కంప్యూటర్

ఆ ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువంటూ లేదు. ఫ్రిజ్‌కి గళ్ళ కవరు, మిక్సీకి కుచ్చుల టోపీ, టీవీ రిమోట్‌కి జేబుసంచి. చివరికి గ్యాసు బండకి కూడా నడుం దగ్గర నాడా బిగించిన లాగులాంటిదొకటి ఉంది. మామగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. మోకాళ్ళు మొరాయించి దుకాణం మూసేశాక కుట్టుమిషన్ ఇంటికి వచ్చింది, దానితోపాటు చేతుల దురదా వచ్చింది. "మా ఇంట్లో ఎక్కువసేపు కదలకుండా కూర్చోకండి, మా నాన్న మీక్కూడా కవరు కుట్టేస్తాడు" అని కొడుకు వచ్చినవాళ్ళందరినీ ముందే హెచ్చరిస్తుంటాడు.

కోడలికి మాత్రం ఇదంతా అలవాటైపోయింది. ఎంత అలవాటంటే, ఆ కవర్లు ఆమె కంటికి ఆనడమే మానేశాయి. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆమె పని కంప్యూటర్‌లో గదులు గీయడం. ఇంతకాలం ఒక ఫర్నిచర్ కొట్టుకి వంటింటి అలమరాలు గీసిస్తూ వచ్చింది. గీత ఆమెది, పేరు కొట్టువాళ్ళది. ఇప్పుడు మొదటిసారి ఆమెనే పిలిచి ఒక పని చెప్పారు. వీధి చివరి గ్రంథాలయంలో పిల్లల గది. చిన్న చేతులకి అందే అరలు, కిటికీ కింద కాళ్ళు ముడుచుకుని చదువుకునే అరుగు, మూలన ఒంటరిగా కూర్చోవాలనుకునే పిల్ల కోసం గుహలాంటి గూడు. అన్నీ గీసింది. సోమవారం పొద్దున కమిటీవాళ్ళకి చూపించాలి. కాగితం మీద కాదు, తలుపు తోసుకుని గదిలోకి నడిచి వెళ్తున్నట్టు వీడియోలో చూపించాలి. నచ్చితే ఆ గది ఆమెది. నచ్చకపోయినా ఒక దారి. అసలు చూపించలేకపోతే మాత్రం మళ్ళీ అలమరాలే.

అంత పని పాత కంప్యూటర్ వల్ల కాలేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలంది. తెచ్చి పెట్టే బాధ్యత ఆమె భర్త నెత్తినేసుకున్నాడు.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. "మా తమ్ముణ్ణి పిలుద్దామండీ, వాడిది ఇదే పని కదా" అని ఆమె అంటే నవ్వేశాడు.

"గాలివానలో స్తంభమెక్కి తీగ కలిపేవాణ్ణి. ఈ డబ్బా విప్పడానికి నీ తమ్ముడా? వాడొస్తే రెండు స్క్రూలు తిప్పి, నాలుగు మాటలంటాడు. ఆ నాలుగూ ఏడాదంతా పడాలి."

"తప్పుగా బిగిస్తే?"

"నేను బిగించిన ఫ్యూజు ఎప్పుడైనా ఊడిందా?"

ఊడిన సంగతులు ఆమెకి రెండు గుర్తున్నాయి గానీ పైకి అనలేదు.

కార్డు బిగించాడు. కంప్యూటర్ వెలిగింది. ఆయన ముఖం అంతకంటే వెలిగింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ చెప్పాడు.

"పర్లేదే బావా, పైకొచ్చావు" అన్నాడు బావమరిది. ఆ ఊళ్ళోనే అతనికి కంప్యూటర్ల రిపేరు షాపు ఉంది. "కాకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకో. దుమ్ము పడనివ్వొద్దు. కొత్త కార్డుకి దుమ్మే శత్రువు."

పక్కనే కూర్చుని మల్లె తెలుపు దారాన్ని సూదికి ఎక్కిస్తున్న మామగారు తల ఎత్తారు. దుమ్ము! ఇంతకాలం ఆ డబ్బా మీద పాత దిండుగలీబు ఒకటి వేసి ఉంచేవారు. పని మొదలుపెట్టేటప్పుడు కోడలు దాన్ని తీసి పక్కన పడేసేది. ఇప్పుడు లోపల విలువైన వస్తువుంది. దిండుగలీబుతో జరిగే పని కాదు. ఆయన టేపు మెడలో వేసుకుని బల్ల కిందకి వంగారు.

మర్నాటికల్లా కంప్యూటర్‌కి కోటు తయారైంది. మామూలు కోటు కాదు. ముదురు నీలం గుడ్డ, లోపల దళసరి లైనింగ్, వైర్లు బయటికి రావడానికి వెనక జిప్పు. కవరు తీయకుండానే పని చేసుకోవచ్చని స్విచ్చి దగ్గర చక్కగా కాజా కుట్టారు. ఆ కాజాలోంచి స్విచ్చి గుండీలా తొంగిచూస్తోంది.

"చప్పుడు కూడా తగ్గిందమ్మా, విన్నావా?" అన్నారు కోడలితో. "ఆ ఫ్యాను రొద నీ చెవిలో పడకుండా లైనింగ్ వేశా."

"బాగుంది మామయ్యా" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండానే. ఆ సాయంత్రమే కంప్యూటర్ మొదటిసారి చచ్చిపోయింది.

పిల్లల గది వీడియో సగం తయారయ్యేసరికి తెర నల్లబడింది. మళ్ళీ స్విచ్చి నొక్కితే వెలిగింది. వీడియో మొదటినుంచి పెడితే మళ్ళీ సగంలో ఆరింది. మూడోసారీ అంతే. చిన్న చిన్న పనులకి బుద్ధిగా నడుస్తోంది. అసలు పని చెప్పగానే చతికిలబడుతోంది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అంది ఆమె.

"కార్డే బాగోలేదు" అన్నాడు భర్త. "నేను బిగించడంలో తప్పు లేదు."

"మీ తప్పని నేనన్నానా?"

"అనలేదు. కానీ అలా చూశావు."

తమ్ముణ్ణి పిలవక తప్పలేదు. అతను వస్తూనే చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. "బావా, స్తంభాలెక్కి ఎక్కి దీన్ని కూడా స్తంభమే అనుకున్నావా? అక్కా, ఒక టార్చి, ఒక కాఫీ. టార్చి లేకపోయినా ఫర్వాలేదు."

అతను బల్ల కిందకి దూరబోతుంటే మామగారు అడ్డంపడి, "ఉండు బాబూ, నలుగుతుంది" అంటూ కోటు జిప్పు విప్పి, జాగ్రత్తగా తీసి, మడిచి భుజాన వేసుకున్నారు. తమ్ముడు మూత తెరిచాడు. కార్డు గట్టిగానే ఉంది. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. ఫ్యాన్లు చకచకా తిరుగుతున్నాయి. పరీక్షకని వీడియో పెడితే, మంచి పిల్లాడిలా సగం దాటి ముందుకెళ్ళింది.

"చూశావా? డాక్టర్ని చూస్తే చాలు, జ్వరం పారిపోతుంది" అన్నాడు తమ్ముడు. ఏవో సరిచేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మామగారు కోటు తొడిగారు. తమ్ముడు సందు మలుపు తిరిగి ఉంటాడో లేదో, తెర నల్లబడింది.

ఈసారి తమ్ముడు డబ్బాని షాపుకే పట్టుకుపోయాడు. కోటు మాత్రం మామగారి భుజాన ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడ రోజంతా ఆగకుండా నడిచింది. శనివారం ఇంటికి తెచ్చిపెట్టాడు. పెట్టిన పూటే ఆగిపోయింది. అప్పుడు అతను కుర్చీలో వెనక్కి వాలి, తీర్పు చెప్పే పెద్దమనిషిలా అన్నాడు.

"అదే డబ్బా, అదే కార్డు. మా షాపులో నడుస్తుంది, మీ ఇంట్లో ఆగుతుంది. మధ్యలో తేడా ఏంటి బావా?"

"ఏంటి?"

"కరెంటు."

లైన్‌మన్ ముఖం చూడాలి. తన చేతి వంట బాగోలేదంటే ఊరుకుంటాడు. తన పాట గాడిద కూతలా ఉందంటే నవ్వుతాడు. తన ఇంటి కరెంటుని అంటే!

"ఏరా, ఏమన్నావు? ఈ వీధి మొత్తానికి కరెంటు ఇచ్చేది నేను. నా ఇంటి కరెంటుకి వంకా?"

"అందుకే వీధంతా దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయా?"

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే!"

"మరి మద్దెల నిజంగా ఓడైతే, బావా?"

వాళ్ళిద్దరూ అలా మాటకి మాట విసురుకుంటుంటే, ఆమె నల్లటి తెర వంక చూస్తూ కూర్చుంది. అందులో ఆమె ముఖమే కనిపిస్తోంది. సోమవారం పొద్దున కమిటీవాళ్ళకి ఇదే చూపించాలి కాబోలు అనుకుంది.

ఆదివారం పొద్దున్నే భర్త పంతం పట్టి గోడలోని ప్లగ్గు మొత్తం విప్పి, కొత్త వైరు వేసి, కొత్త సాకెట్టు బిగించాడు. "ఇప్పుడు ఆగమను చూద్దాం" అన్నాడు. ఇంతలో ఎక్కడో లైను తెగిందని ఫోన్ వస్తే నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు. కంప్యూటర్ కాసేపు మర్యాదకి నడిచి, తర్వాత ఆగిపోయింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మామగారు వెనక వరండాలో మిషన్ ముందున్నారు. ఆమెకి ఏం చేయాలో తోచలేదు. బాగుచేయడం ఆమెకి రాదు. చూస్తూ కూర్చోవడం మాత్రం వచ్చు. చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగకుండా చూడమని అమ్మ ఎప్పుడూ ఆమెకే చెప్పేది. మిగతా పిల్లలు రెప్ప వాల్చి పాలు పొంగించేవాళ్ళు. ఈమె దగ్గర ఒక్క చుక్క పొయ్యిలో పడేది కాదు.

వీడియో మళ్ళీ మొదలుపెట్టి, ఆమె కుర్చీ దిగి నేల మీద బాసింపట్టు వేసుకుని, బల్ల కింద డబ్బాకి ఎదురుగా కూర్చుంది. తెరని కాదు, డబ్బానే చూస్తూ.

షాపులో నడిచింది. తమ్ముడి ముందు నడిచింది. నా ముందు నడవదు. నాలో ఏముంది? ఆమె మోకాలు దానికి తగిలింది. వెచ్చగా ఉంది. అరచెయ్యి పెట్టి చూసింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా కాలిపోతోంది. లోపల ఫ్యాను ఎక్కడో దూరంగా, దుప్పటి ముసుగులో మూలుగుతున్నట్టు తిరుగుతోంది.

అప్పుడు కనిపించింది ఆమెకి. ఎన్నో రోజులుగా ఎదురుగానే ఉన్నది. నీలం గుడ్డ. దళసరి లైనింగ్. మెడదాకా ఎక్కించిన జిప్పు. ఎవరైనా బాగుచేయడానికి వస్తే విప్పి, వెళ్ళగానే తొడిగే కోటు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. గబగబా జిప్పు లాగి కోటు తీసేసింది. డబ్బాలోంచి వేడిగాలి గుప్పున ఆమె ముఖానికి కొట్టింది. ఫ్యాన్లు ఒక్కసారి గొంతెత్తాయి.

కోటు మడిచి పక్కన పెట్టబోతూ ఆగింది. లోపలి అంచున చిన్న పట్టీ ఒకటి కుట్టి ఉంది. మామగారి దుకాణం పట్టీ. దుకాణం రోజుల్లో ఆయన తన మనసుకి నచ్చిన బట్టకి మాత్రమే దాన్ని కుట్టేవారని భర్త ఎప్పుడో చెప్పాడు. దుకాణం మూశాక మిగిలిన పట్టీలు ఒక డబ్బాలో ఉండిపోయాయి. ఫ్రిజ్‌కి కుట్టలేదు, టీవీకి కుట్టలేదు. ఆమె కంప్యూటర్‌కి కుట్టారు.

ఆమె అలా కోటు ఒళ్ళో పెట్టుకుని ఉండగానే మామగారు లోపలికొచ్చారు.

"ఏమ్మా, ఎక్కడైనా కుట్టు ఊడిందా?"

ఊడిందని చెప్పేయొచ్చు. ఉతకాలని చెప్పి దాచేయొచ్చు. కానీ రేపు మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి మరీ తొడుగుతారు. ఆమె ఒక క్షణం ఆలోచించి, దుకాణం మెట్లెక్కిన ఖాతాదారులా గొంతు సవరించుకుంది.

"కుట్టు ఊడలేదు మామయ్యా. కుట్టుకి వంక పెట్టడానికి లేదు. కానీ తొడుక్కున్నవాడికి ఉక్కపోస్తోంది."

"ఉక్కా?"

"చెయ్యి పెట్టి చూడండి."

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి డబ్బాని తాకారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కోటుని చూశారు, తెరని చూశారు, కొత్త సాకెట్టుని చూశారు. ఆయన ముఖంలో ఒక్కొక్క కుట్టే విడిపోతున్నట్టు అనిపించింది ఆమెకి.

"అంటే, ఇన్ని రోజులూ ఇది ఆగిపోయింది..."

"పాత కార్డుకైతే సరిపోయేదేమో. కొత్తవాడు కష్టపడి పనిచేస్తాడు కదా, చెమట ఎక్కువ."

ఆయన కోటు అంచుని వేళ్ళతో నలిపి చూశారు. తర్వాత "పిచ్చిపిల్లా!" అన్నారు. "బిగుతైతే బిగుతని కుట్టినవాడికి మొదటిరోజే చెప్పొద్దూ? ఒకసారి ఒక పెళ్ళికొడుక్కి కోటు చంకల్లో బిగుతైంది. మొహమాటపడి చెప్పలేదు. దండ వెయ్యడానికి చెయ్యి ఎత్తేసరికి పర్రున చిరిగింది. పరువు పోయింది ఎవరిది? వాడిదా? నాది!"

"నాకే తెలీలేదు మామయ్యా. రోజూ చూస్తూనే ఉన్నా, చూడలేదు."

"ఇలా తే."

ఆయన అక్కడే నేల మీద కూర్చున్నారు. సుద్దముక్కతో గుర్తు పెట్టి, వెనకవైపు మొత్తం కత్తిరించేశారు. కత్తెర గుడ్డలోకి దిగుతుంటే ఆమెకే ప్రాణం ఉసూరుమంది గానీ ఆయన చెయ్యి తొణకలేదు. లైనింగ్ ఊడదీశారు. "గాలి ఎటునుంచి లోపలికెళ్తుంది? ఎటునుంచి బయటికొస్తుంది?" అని అడిగి, ఆమె దారం ముక్క పట్టుకుని ఎటు ఎగురుతుందో చూపిస్తుంటే ఆ మేరకి పక్కలు కూడా తీసేశారు. చివరికి కోటు పోయి, వీపు లేని బనియనులాంటిది మిగిలింది. కాజా మాత్రం అలాగే ఉంది. పట్టీని ఊడదీసి కొత్త అంచున మళ్ళీ కుట్టారు.

వాళ్ళిద్దరూ అందులో మునిగి ఉండగా వీడియో సగం దాటింది. ముప్పాతిక దాటింది. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తుంటే, తెర మీద తలుపు తెరుచుకుంది. చూపు పొట్టి అరల మధ్యలోంచి, కిటికీ వెలుతురులోంచి నడిచి, మూలనున్న గూటి ముందు ఆగింది. అయిపోయింది. ఆగిపోవడం కాదు, పూర్తవడం.

సాయంత్రం భర్త, తమ్ముడు ఒకేసారి వచ్చారు. తెర మీద పిల్లల గది తిరుగుతుంటే ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు.

"చెప్పానా? సాకెట్టు మార్చా, దారికొచ్చింది" అన్నాడు భర్త.

"అంటే మొదట కరెంటు బాగోలేదని ఒప్పుకున్నట్టేగా బావా?" అన్నాడు తమ్ముడు. తమ్ముడు గర్వంగా బల్ల కిందకి వంగి చూసి, "అదేంటి మామయ్యగారూ, దీని చొక్కాకి వీపు ఏది?" అన్నాడు.

"ఉక్కపోస్తోందని విప్పేశా" అన్నారు మామగారు, దారం పళ్ళతో తెంచుతూ. "లైనింగ్ ఎక్కువైంది. నా కొలత తప్పింది. ఒరే అబ్బాయ్, నువ్వేమో కార్డు అన్నావు, నీ బావమరిదేమో కరెంటు అన్నాడు. అడిగితే నేను చెప్పేవాణ్ణిగా, బట్ట బిగుతని!"

"నువ్వు చెప్పేవాడివా నాన్నా? తొడిగిందే నువ్వు!"

"మరి రెండుసార్లు విప్పి చేతికిచ్చిందీ నేనేగా? నీ బావమరిదికి అప్పుడైనా అనుమానం రావొద్దూ?"

తమ్ముడు అక్క వంక చూశాడు. అక్క కిటికీ వంక చూసింది. పెదవులు బిగబట్టి ఆపుకున్న నవ్వు ఆపలేక బయటపడింది. ఆ తర్వాత కాసేపు ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

నవ్వులు సద్దుమణిగాక మామగారు కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వచ్చారు. కోడలి గదిని ఈ చివర నుంచి ఆ చివరదాకా తీరుబడిగా చూశారు. కిటికీ కింద అరుగు రాగానే ఆపమన్నారు.

"అంతా బాగుందమ్మా" అన్నారు. "కానీ ఈ అరుగు ఇలా బోసిగా ఉంచుతావా? పిల్లలు కూర్చోవాలి. చల్లగా తగలదూ?"

ఆయన చెయ్యి అప్పటికే మెడలోని టేపు మీదకి వెళ్ళింది.

ఆమె ఆయనని చూసింది, తెరని చూసింది, కుర్చీ జరుపుకుని పెన్సిల్ తీసుకుంది.

"ఎంత మందం వేద్దాం మామయ్యా?" అంది. "ఈసారి కొలత నేను చెప్తాను."