ఏ బడివాళ్లైనా సరే

వినుకొండలో మిరపకాయల లారీలు మలుపు తిరిగే రోడ్డు పక్కన షఫీక్ పరుపుల కొట్టు ఉంది. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఆ ఎండాకాలం అతనికి ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. దూది ఏకే మిషన్ పొద్దున మొదలైతే మళ్లీ అన్నం వేళకి గాని ఆగేది కాదు. అది తిరుగుతున్నంతసేపూ పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని షఫీక్ తన ఫోన్ కూతురు ఆయేషా చేతికిచ్చి కూర్చోబెట్టేవాడు.

ఆయేషాకి ఆరో ఏడు నడుస్తోంది. దూది ఎగిరి రాని చోట, గుమ్మానికి ఆనుకుని, నాన్న తనకోసం కుట్టిన బుల్లి పరుపు మీద కూర్చునేది. నుసి పడకుండా ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్లో ఉంచుకునేది. తెర వెలిగిందంటే చాలు, రేకు తలుపు మీద రెండు చేతులతో దబదబా బాదేది. షఫీక్ మిషన్ ఆపి, కనుబొమల మీది దూది కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చేవాడు.

"బడివాళ్లా నాన్నా?"

"కాదమ్మా. నూజెండ్ల నుంచి. పరుపు కావాలంట."

ఆయేషా మళ్లీ ఫోన్ తీసుకుని కవర్లో పెట్టుకునేది. లోపల పొయ్యి దగ్గర అతని భార్య నసీమా గరిటె పట్టుకున్న చెయ్యి ఆపి ఆ మాట వినేది. విన్నాక మళ్లీ కూర కలుపుకునేది. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకే ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు. ముగ్గురిలో ఎక్కువ నమ్మకంగా చూస్తున్నది ఆ పసిది.

ఆయేషా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గోడ పట్టుకుని కొంత దూరం, ఇనుప చట్రం లాంటి వాకర్ పట్టుకుని ఇంకాస్త దూరం నడుస్తుంది. మాటకు మాత్రం ఎదురులేదు. రోడ్డు మీద పోయే ప్రతి బస్సు పేరూ కూడబలుక్కుని చదువుతుంది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ పిల్లతో కాసేపు కబుర్లాడి, "తెలివికి ఏ లోటూ లేదమ్మా. తోటిపిల్లల్లో పడితే ఇంకా బాగుంటుంది. ఆలస్యం చెయ్యకుండా బడిలో వెయ్యండి" అని నసీమాకి చెప్పింది. ఆ మాట పట్టుకునే నసీమా ఏడాదిగా బతుకుతోంది.

రోడ్డు అవతల ఉన్న ప్రైవేటు స్కూల్లో అడుగుదామన్నది షఫీక్ కోరిక. సందులో మున్సిపాలిటీ బడి ఉందని తెలియక కాదు. తను అయిదో తరగతి దాకా చదువుకున్నది ఆ బడిలోనే. కానీ ఈ పిల్లని లోకం ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంచి చూస్తుందని అతనికి లోపల బాధ. బూట్లేసుకుని, టై కట్టుకుని పోతే అందరూ కాళ్లను చూడటం మానేసి పిల్లను చూస్తారని ఆశ. తండ్రి మనసు అలా అనుకోవడంలో తప్పేముంది?

ఉగాది వెళ్లిన కొత్తలో ముగ్గురూ ఆ స్కూలుకి వెళ్లారు. ఆఫీసులో కూర్చున్న మేడం ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆయేషా చేతిలో చాక్లెట్ పెట్టింది. పేరడిగితే పేరూ, వీధి పేరూ, నాన్న ఫోన్ నంబరూ గడగడా చెప్పేసిన పిల్లను చూసి నవ్వింది కూడా. తర్వాత ఆవిడ చూపు వాకర్ మీద పడింది.

"క్లాసులన్నీ పైన ఉన్నాయండీ. సార్‌తో మాట్లాడి మేమే ఫోన్ చేస్తాం."

రెండోసారి వెళితే సార్ హైదరాబాద్ వెళ్లారంది. మూడోసారి, సీట్లు ఇంకా ఖరారు కాలేదంది. ప్రతిసారీ అదే నవ్వు, అదే మాట: "ఫోన్ చేస్తామండీ."

లేదని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే వాళ్లు ఎదురుచూశారు. కాదన్న మాట వింటే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. అటూ ఇటూ కాని మాట విన్నవాడికి నిద్ర ఉండదు. నసీమా కూతురికి జడ వేస్తూ, బడికి పోయేటప్పుడు రెండు జడలు వెయ్యాలా ఒకటి చాలా అని ఆలోచించేది. షఫీక్ మంచి మెత్తటి దూది కంటపడితే, బెంచీ మీద వేసుకోవడానికి దిండు కుడదామని కాస్త తీసి పక్కన పెట్టేవాడు. సాయంత్రాలు ఆయేషా గుమ్మంలో కూర్చుని, ఎండాకాలం సెలవుల్లో వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచి మరీ అడిగేది: "మీ బళ్లో గంట ఎవరు కొడతారు? నేను కొడతానంటే కొట్టనిస్తారా?"

జూన్ వచ్చింది. తొలకరి పడింది. పత్తి గింజలు పెట్టడానికి పోయే కూలీలతో ఆటోలు తెల్లారకముందే రోడ్డెక్కుతున్నాయి. బడులు తెరిచే రోజు పొద్దున్నే పసుపు బస్సులు వచ్చి రోడ్డు అవతల స్కూలు ముందు ఆగాయి. పక్కింటి యలమంద ట్రాలీ ఆటోలో మిరప టిక్కీ బస్తాలు తోలే మనిషి. తన మనవరాలిని చంకనెత్తుకుని రోడ్డు దాటించి, గేటు దగ్గర దింపి వెనక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ షఫీక్ కనిపించాడు.

"ఏం షఫీకూ, మన పాపని పంపలేదే?"

"ఇంకా ఫోన్ రాలేదన్నా. సీట్లు ఖరారు కాలేదంట."

యలమంద మొహం అదోలా అయింది. ఆ మనిషికి దాచుకుని మాట్లాడటం రాదు. "అదేంటయ్యా! మొన్న ఆదివారం నేను నడిచెళ్లి అడిగితే, ఎంతమందినైనా తీసుకురా, సీట్లున్నాయి అన్నారే!" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. గుమ్మం లోపల నసీమాకి ఆ మాట వినపడనే వినపడింది.

ఆమె చీర చెంగు తలమీదికి లాక్కుని, చెప్పులేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా రోడ్డు దాటింది.

స్కూలు ఆఫీసులో అదే మేడం ఉంది. కొత్త పుస్తకాల కట్టల మధ్య కూర్చుని తలెత్తి చూసి, అలవాటుగా నవ్వబోయింది.

"మేడం, ఒక్క మాట అడగడానికి వచ్చా. మా పాపకి సీటు ఉందా, లేదా?"

"మేం కాదనలేదు కదమ్మా..."

"కాదనండి మేడం." నసీమా గొంతు పెద్దది చెయ్యలేదు. "ఒక్కసారి కాదని చెప్పండి. పొద్దస్తమానం ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది మేడం ఆ పిల్ల. నీళ్లు తాగడానికి కూడా పక్కన పెట్టదు. మీరు కాదంటే నేనింటికి పోయి ఏదో ఒకటి చెప్పుకుంటా."

ఆ మేడం పుస్తకాల అట్టలు సర్దింది. తల దించుకునే అంది: "సార్ వద్దన్నారమ్మా. మిగతా పేరెంట్స్ ఒప్పుకోరంట. ఇలాంటి పిల్లలకి వేరే బళ్లుంటాయి కదా అన్నారు. నీ మొహం చూసి చెప్పలేకపోయా."

నసీమా దణ్ణం పెట్టి బయటికొచ్చింది. గేటు దాకా నిబ్బరంగానే నడిచింది. రోడ్డు దాటేటప్పుడు ఎదురుగా కొట్టు గుమ్మంలో, ఫోన్ ఒళ్లో పెట్టుకుని తనకేసి చెయ్యి ఊపుతున్న కూతురిని చూశాక మాత్రం చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. షఫీక్ విని, వెళ్లి మిషన్ ఆన్ చేశాడు. ఏకడానికి అందులో దూది లేదు. ఊరికే తిరుగుతున్న మిషన్ ముందు అటు తిరిగి నిలబడిపోయాడు. కూతురికి చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. ఆయేషా ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాత కూడా ఫోన్‌కి కాపలా కాస్తూనే ఉంది.

ఒక సాయంత్రం కోటిరత్నం కొట్టుకొచ్చింది. సందులోని మున్సిపాలిటీ బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. బడి పనిమీద రాలేదు. అత్తగారి పరుపు గట్టిపడి ఉండలు కట్టిందని, దూది మళ్లీ ఏకించడానికి ఆటోలో వేసుకొచ్చింది. మిషన్ మోతలో ఎవరినీ పిలవలేక గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లని పలకరించింది.

"ఏమ్మా, ఫోన్‌లో ఆటలాడుకుంటున్నావా?"

"ఆటలు కాదు. బడివాళ్లు ఫోన్ చేస్తే నాన్నకివ్వాలి."

"ఏ బడివాళ్లు?"

ఆయేషా ఒక్క క్షణం ఆలోచించింది. రోజులు గడిచిన కొద్దీ ఆ పసిదానికీ ఏదో అర్థమవుతున్నట్టుంది. "ఏ బడివాళ్లైనా సరే" అంది.

కోటిరత్నం పరుపు సంగతి మర్చిపోయింది. గోడకి ఆనించి ఉన్న వాకర్‌ను చూసింది. చెప్పులు విడిచి పిల్ల పక్కనే గుమ్మం మీద కూర్చుంది. షఫీక్ మిషన్ ఆపి, "అయ్యో మేడం, కుర్చీ వేస్తా, లేవండి" అని కంగారుపడుతూ వచ్చాడు. నసీమా లోపలినుంచి తొంగిచూసింది.

"ఈ పాప మా బడికెందుకు రాలేదయ్యా?" అని అడిగింది కోటిరత్నం.

"కాళ్లు సరిగ్గా లేవు మేడం."

"చూశాను. బడికెందుకు రాలేదని అడుగుతున్నా."

నసీమా ముందుకొచ్చింది. "పడిపోద్ది మేడం. అంగన్‌వాడీకి పంపుదామంటే, పడితే మాది పూచీ కాదన్నారు. బాత్రూమ్‌కి ఒకరు పట్టుకోవాలి. పిల్లలు ఎక్కిరిస్తారని భయం."

"పడుతుంది. మా బళ్లో రోజూ ఎవరో ఒకరు పడతారు, లేస్తారు. బాత్రూమ్‌కి మా ఆయా తీసుకెళ్తుంది. ఎట్లా పట్టుకోవాలో నువ్వొచ్చి ఒకటి రెండు రోజులు చూపించు. ఎక్కిరిస్తే నేనున్నాను." కోటిరత్నం ఆగింది. "ఇంకోటి చెబుతా వినండి. మా బళ్లో గుమ్మానికి మెట్లున్నాయి. వాలుగా కట్టిన బాట ఎప్పుడో విరిగిపోయింది. ఇలాంటి పిల్లలెవరూ రావట్లేదు కదా అని నేనూ పట్టించుకోలేదు. రావట్లేదని మేం కట్టలేదు, కట్టలేదని మీరు రాలేదు. రేపటికి ఎత్తుకుని ఎక్కిస్తాం. ఈ వానలు తెరిపివ్వగానే బాట వేయిస్తాను."

నసీమా చెంగుతో మొహం కప్పుకుంది. షఫీక్ అడగలేక అడిగాడు: "మరి మిగతా పిల్లల తల్లిదండ్రులు..."

"వాళ్ల సంగతి నాకొదిలెయ్" అని, ఆవిడ ఆయేషా వైపు తిరిగింది. "రేపు వస్తావా?"

ఆయేషా వెంటనే అవుననలేదు. అంతకాలం ఎదురుచూసిన పిల్లకి అది నిజమో కాదో తేల్చుకోవాలని ఉంది. "ఫోన్ చెయ్యకుండానే రావచ్చా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున షఫీక్ కూతురిని ఎత్తుకుని సందులోకి నడిచాడు. వెనకే నసీమా వాకర్ పట్టుకుని నడిచింది. ఒకటో తరగతి గదిలో గోడ వారగా, అందరికీ దగ్గరగా ఉండే చోట పిల్లని కూర్చోబెట్టారు. షఫీక్ వెళ్లిపోయాడు. ఆయాకి చూపించాల్సినవి చూపించాక నసీమాని కూడా టీచర్ వెళ్లమంది.

ఆమె ఇంటికి వెళ్లలేకపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లని ఒక్క పూట విడిచి ఉండలేదు. బడి గోడ పక్కన వేపచెట్టు నీడలో నిలబడి లోపలి గొంతులు వింటూ ఉండిపోయింది. పిల్లలందరూ కలిసి అక్షరాలు అప్పజెబుతున్నారు. ఆ గోలలో తన కూతురి గొంతు ఎక్కడుందోనని వెతికింది. ఒకసారి దొరికినట్టే దొరికి, మిగతా గొంతుల్లో కలిసిపోయింది. ఏ బిడ్డ గొంతు ఏదో తెలియకుండా కలిసిపోయింది. ఇన్నేళ్లూ ఆమె కోరుకున్నది అదే అయినా, ఎందుకో చేతులు ఖాళీగా అనిపించి చెంగు వేళ్లకి చుట్టుకుంటూ నిలబడింది.

అన్నం బెల్లు కొట్టాక లోపలికి వెళ్లింది. ఆయేషా మోచెయ్యి గీరుకుపోయి ఉంది. మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మా! ఆ గళ్ల గౌను పిల్ల నా పెన్సిల్ లాక్కుంది. ఇవ్వమంటే తోసేసింది. నేనూ తోశా. రేపు దాని పక్కన కూర్చోను."

నసీమాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తన బిడ్డను చూసి ఇంతవరకూ అందరూ అయ్యో అన్నవాళ్లే. పెన్సిల్ కోసం పోట్లాడిన మొదటి మనిషి ఆ గళ్ల గౌను పిల్ల.

బయట గేటు దగ్గర పిల్లకి క్యారియర్ తెచ్చిన ఒకామె కోటిరత్నాన్ని నిలదీస్తోంది. "ఏందమ్మా ఇది? ఆ కాళ్లు లేని పిల్లని చూసుకుంటా కూచుంటే మా పిల్లలకి చదువు చెప్పేదెవరు? పాపం అని చోటిస్తే ఇచ్చారు, వేరే గదిలో కూచోబెట్టొచ్చుగా!"

నసీమా కూతురిని ఎత్తుకుని అక్కడే ఆగిపోయింది. వాకిట్లో ఉన్న నలుగురు తల్లులూ కోటిరత్నం ఏమంటుందోనని చూశారు. ఆవిడకి కోపం రాలేదు.

"మీ అమ్మాయి నిన్నటి దాకా తనకంటే వేగంగా పరుగెత్తేవాళ్లనే చూసిందమ్మా. ఇవాళ నెమ్మదిగా నడిచే పిల్ల కోసం తలుపు దగ్గర ఆగింది. ఆ ఆగడం నేను బోర్డు మీద రాసి నేర్పించలేను. అదీ చదువే. ఇక పాపం అన్నారే, ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. నేనెవర్నండీ చోటివ్వడానికి? ఊళ్లో పిల్ల పుట్టిన రోజే బళ్లో ఆ పిల్లకో చోటు పుడుతుంది. అది ఆయేషా చోటు. మనం పిలవలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది, అంతే."