పాస్టరమ్మ సాక్ష్యం

"పప్పుల ఉప్పు తక్కువైంది గని, వ్యాసం మంచిగ కుదిరింది," అన్నాడు జయదేవ్ చెయ్యి కడుక్కుంటూ. రెండూ అతని భార్య సుభాషిణి చేసినవే. ఉప్పు సంగతి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. వ్యాసం సంగతి మాత్రం గడప దాటనివ్వడు.

సూరత్ రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తా అతను. ఆదివారాలు ఆ ఊళ్లోనే ఉధనా పేటలో అద్దె హాల్లో తెలుగువాళ్లకు వాక్యం చెబుతాడు. పూర్తి పాస్టరు కావాలంటే పోస్టులో వచ్చే మూడేళ్ల కోర్సు పాసవ్వాలి. "డ్యూటీ చేసుకుంట గివన్ని చదువుడు నాతోని అయితదా? నువ్వు జర చూసి రాసియ్యి. దేవుని పనే కదా," అన్నాడు మొదటి ఏడు. సరే, దేవుని పనే కదా అనుకుంది. కుక్కర్ కూతలేస్తుంటే చదివి, రఫ్ నోట్‌బుక్కులో రాసిచ్చేది. అతను ఆఫీసులో తీరిక చూసుకుని తన చేతిరాతతో ఎక్కించి కాలేజీకి పంపేవాడు.

మూడో ఏడు మత తత్వశాస్త్రం, విశ్వాస సమర్థన. అప్పుడు పట్టింది ఆమెకు చదువు పిచ్చి. దేవుడున్నాడని ఎలా తెలుసు, ఉంటే మంచివాళ్లకు కష్టాలెందుకు, దేవుణ్ణి ఇలా నిలబెట్టి అడగొచ్చా అని ఒళ్లు జలదరించింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆమె నోట వచ్చిన ప్రశ్నలు రెండే, అన్నం పెట్టనా, చాయ్ పెట్టనా. ఒకసారి సంఘంలో నర్సింగం అనే, సాంచెల మీద బట్ట నేసే కార్మికుడు ఏదో సందేహం అడిగితే జయదేవ్ తడబడ్డాడు. వెనక చాప మీద కూర్చున్న సుభాషిణి జవాబు చెప్పింది. ఇంటికొచ్చాక అత్త అన్నది: "పాస్టరమ్మవు అయితవు. చాపలు పరువు, చాయ్ పొయ్యి. నోరెందుకు?" జయదేవ్ రెండు రోజులు మాట్లాడలేదు. తెలిసి ఉండటం కూడా తప్పేనని ఆ రెండు రోజుల్లో ఆమెకు అర్థమైంది.

ఆ ఆగస్టులో తాపీ నది పొంగి ఊరు మునిగింది. నీళ్లు తీసిన వారానికి పక్క గదిలోని కనకవ్వ మనుమరాలు జ్వరంతో పోయింది. ఆరేళ్లది. కనకవ్వ వచ్చి సుభాషిణి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. "మా దేవునికి మొక్కిన, మీ దేవునికి మొక్కిన. ఇద్దరిల ఒక్కలన్న ఎందుకు ఇనలే బిడ్డా?" సుభాషిణి స్టవ్ ఆర్పి ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు ఇంట్లో వంట లేదు, అందుకూ మాటపడింది.

చివరి వ్యాసం సరిగ్గా అదే విషయం మీద, లోకంలో బాధ ఎందుకని. పుస్తకాల్లోని వాదాలన్నీ రాసి, ఆఖరున కనకవ్వ మాట రాసింది. ఈ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు, పక్కన కూర్చోగలను అని ముగించింది.

"తెల్వదంటే మార్కులేస్తరా?" అని జయదేవ్ తనే ఒక పేరా కలిపాడు. ఆ ఇంట్లో విగ్రహాలున్నాయి కాబట్టే ఆ పిల్ల పోయిందని. మరుసటి ఆదివారం అదే మాట మైకులో చెప్పాడు. హాలు బయటి దాకా వినబడింది. ఆ తర్వాత కనకవ్వ మళ్లీ సుభాషిణి ఇంటి గడప తొక్కలేదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. ఆమె కళ్లలోకి చూడలేక సుభాషిణి నీళ్లు పట్టుకునే వేళ మార్చుకుంది.

వ్యాసం మంచి మార్కులతో తిరిగి వచ్చింది. ఆ పేరా మాత్రం ఎర్రసిరాతో కొట్టేసి, మిగతాది రాసిన మనిషి ఈ మాట ఎలా రాయగలిగాడని కాలేజీవాళ్లు పక్కన రాసి అడిగారు. "ఎట్లయితేంది, పాసైన," అని జయదేవ్ నవ్వాడు.

దాంతో పాటే ఒక ఫారం వచ్చింది. పాస్టరుగా అభిషేకించే ముందు భార్య తన సొంత దస్తూరీతో సాక్ష్యం రాయాలట. వ్యాసాలు భర్తే స్వయంగా రాశాడా అన్నది ఆఖరి ప్రశ్న. "అవునని రాసి సంతకం పెట్టు, పోస్టుల నేనే ఏస్త," అని స్నానానికి వెళ్లాడు.

సుభాషిణి పెన్ను పట్టుకుని కూర్చుంది. నిజం రాస్తే అత్త, సంఘం, ఇతను, అందరూ మీద పడతారు. పుట్టింటివాళ్లూ తలుపు తియ్యరు. అబద్ధం రాస్తే అతను పాస్టరవుతాడు. చావు జరిగిన ప్రతి ఇంటికీ పిలుస్తారు. ప్రతి ఇంట్లోనూ ఏడుస్తున్న తల్లికి ఆ మాటే చెబుతాడు, దాని కింద ఆమె సంతకం ఉంటుంది. రాసింది, కవరు అంటించింది, చెప్పులేసుకుని తనే పోస్టాఫీసుకు బయలుదేరింది.

'ఈ మూడేళ్ల వ్యాసాలన్నిటిలో నా భర్త స్వయంగా రాసింది, మీరు ఎర్రసిరాతో కొట్టేసిన ఆ ఒక్క పేరానే.'