పొడి తుడుపు

పాశమైలారం పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న ఆ ఊళ్లో ఆడవాళ్లు వాకిట ముగ్గు వేయడానికి ముందు మరొక పని చేస్తారు. దానికి పొడి తుడుపు అని పేరు. కార్ఖానా పొగగొట్టం విడిచిన బూడిదరంగు పొడిని రోలు మీదనుంచి, నల్లా మీదనుంచి, పడుకున్న గేదె వీపు మీదనుంచి తడిగుడ్డతో తుడిచి, ఆ తరువాతే మిగిలిన పనులు ముట్టుకుంటారు. ఆ కార్ఖానా మేనేజరు చంద్రకాంత్ మాత్రం పదకొండేళ్లుగా "పొడి విడుదల: లేదు" అని ఏటేటా సంతకం చేసి ప్రభుత్వానికి పంపుతున్నాడు. కాగితం మీద లేని పొడిని తుడవడానికి ఊరికి రోజూ అరగంట పడుతుంది.

ఇప్పుడు కార్ఖానాకు సొంత సౌరవిద్యుత్ కేంద్రం కావలసి వచ్చింది. ప్రహరీ వెనుక నలభై ఎకరాల లావుణి పట్టా భూమి ఉంది. ప్రభుత్వం ఒకప్పుడు పేదలకు సాగు కోసం ఇచ్చిన భూమి అది; బీడుగా పడి ఉందని తేలితే వెనక్కి తీసుకొని కార్ఖానాకు ఇచ్చే వీలుంది. అందులో మూడెకరాలు మొగులమ్మవి. అరవై రెండేళ్ల మొగులమ్మకు అవి తప్ప మరో ఆధారం లేదు.

"బీడు భూమి మేడమ్. చదునుగున్నది, చెట్టు లేదు, నీడ లేదు. సబ్‌స్టేషన్ పక్కనే," అని చంద్రకాంత్ ఇంజనీరు సృజనకు చూపించాడు. అందులో మొదటి మాట తప్ప తక్కినవన్నీ నిజాలే. మొగులమ్మ ఏటా జొన్న వేస్తూనే ఉంది. పొడి కప్పిన కంకికి గింజ నిండదు, అంతే.

కార్ఖానా ఖర్చు మీద స్థలం తగినదో కాదో తేల్చి, అప్పు ఇచ్చే బ్యాంకుకు నివేదిక ఇవ్వవలసినది సృజన. ఆమె నగరం పక్కన తెల్లాపూర్ నుంచి వచ్చింది. సోలార్ పలకల మీద పడి కరెంటును తగ్గించే దుమ్ము ఎంతో కొలవడానికి పది గాజుపలకలను ఇనుపకాళ్ల మీద మొగులమ్మ చేనులో నిలబెట్టింది. పదిహేను రోజులు వాటిని ఎవరూ తాకకూడదు. ఆ సంగతి సూటిగా చెప్పవలసిన చోట ఆమె మర్యాదకు పోయింది.

"అమ్మా, వీటిని కొంచెం చూసుకోండి."

"సూసుకుంట బిడ్డా. నాయే అనుకో."

చూసుకోవడమంటే కాపలా అని సృజన ఉద్దేశం. ఈ ఊళ్లో చంటిపిల్లను, పాలిచ్చే గేదెను, మంచాన పడిన అత్తను చూసుకుంటారు. అంటే కడిగి, తుడిచి, శుభ్రంగా ఉంచుతారు.

పదిహేనో రోజున పలకలు తళతళలాడాయి. చంద్రకాంత్ ఒకదానిలో చూసుకొని మీసం దువ్వుకున్నాడు.

"చూసిన్రా మేడమ్? నలుసు లేదు! పదకొండేండ్ల సంది నేను చెప్తున్నదేంది?"

సృజన వేలితో రాసి చూసింది. "చేనుల ఉండే మామూలు దుమ్ము కూడ లేదు సార్. ఇదెట్ల?"

"మంచిగున్నయా బిడ్డా?" మొగులమ్మ మురిసిపోయింది. "దినాం తెల్లారంగనే కొంగుతోని తుడిసిన. మా ఇంట్ల గిన్నెల కన్న ముందుగాల గీటినే తుడిసిన. మస్తు వడ్తది పొడి. శనివారమైతే రెండుసార్లు."

చంద్రకాంత్ చేయి దువ్వుతున్న మీసం మీదే ఆగింది. "ఆమె మాటకేంది మేడమ్! పొడే లేనప్పుడు తుడిచినా ఒకటే, తుడవకున్నా ఒకటే."

"అట్లనే అయితే మళ్ల పెడదాం సార్. పొడే లేదంటిరి, మీకు భయమేంది?"

సృజన ఈసారి పలకల చుట్టూ తీగ కట్టి, మొగులమ్మ వైపు తిరిగింది. "ముట్టుకోవద్దమ్మా. తుడవద్దు. అసలు చూసుకోవద్దు."

"గా మాట మొదలే చెప్పొద్దా? నా కొంగు చినిగె!"

మరునాడే పొగగొట్టం మరమ్మతు పేరుతో ఆగిపోయింది. తనిఖీ వస్తే అది ఒక పూట ఆగుతుందని ఊరికి తెలుసు. రోజుల తరబడి ఆగడం ఎన్నడూ చూడలేదు. పాత చీర కప్పకుండానే మిరపకాయలు ఎండాయి. పొద్దున్నే మిగిలిన అరగంటను ఏం చేసుకోవాలో తోచక, ఆడవాళ్లు కార్ఖానా గేటు దగ్గరికి వెళ్లి మేనేజరును పరామర్శించసాగారు.

"సారూ, మీ గొట్టానికి పానం బాగలేదా?" అని మొగులమ్మ అడిగింది.

"రిపేరు నడుస్తున్నది."

"జల్దీ చెయ్యకుండ్రి. నిమ్మళంగ చెయ్యుండ్రి. మాకింక రెండు మూటల బట్టలున్నయి ఉతికేటియి."

తొమ్మిదో రోజున ముంబై నుంచి యజమాని ఫోను చేశాడు. సరుకు ఎందుకు రాలేదని ఆయన అడిగిన తీరు గేటు దాకా వినిపించింది. పదో రోజున గొట్టం తెరుచుకుంది. ఆగిన పనినంతా ఒక్కసారిగా అందుకుంది. పదిహేనో రోజున సృజన వచ్చేసరికి పలక ఏదో, గట్టు మీది రాయి ఏదో పోల్చుకోవడం కష్టమైంది.

"పక్క కార్ఖానా విడిచే పొడి కారణంగా ఈ స్థలం తగదు," అని ఆమె రాసింది.

"పొడి అని రాయకుండ్రి మేడమ్," చంద్రకాంత్ బతిమాలాడు. "నీడ ఉన్నదని రాయుండ్రి."

"నీడ లేదని మీరే చెప్పిండ్రు కద సార్."

నివేదిక ప్రతి ఒకటి ఊరికి ఇవ్వాలని బ్యాంకు ఒప్పందంలోనే ఉంది. చంద్రకాంత్ ఆ వాక్యం దాకా చదవలేదు.

కలెక్టరు అర్జీలు తీసుకునే సోమవారం పొద్దున ఆ ప్రతిని చంకలో పెట్టుకొని మొగులమ్మ బస్సు కోసం నిలబడింది. చంద్రకాంత్ కారు ఆమె పక్కన ఆగింది.

"ఎటు పోతున్నవు మొగులమ్మా?"

"సంగారెడ్డికి సారూ. ప్రజావాణిల కలెక్టరు సారుకు ఇస్త."

"జెర ఆలోచించు. పొడి ఉన్నదనే కద నీ భూమి మిగిలింది. పొడి ఆగిందనుకో, ఇంజనీరమ్మ మళ్ల వస్తది, భూమి పనికొస్తదని రాస్తది. అప్పుడేం చేస్తవు?"

ప్రశ్న బాగానే ఉంది. బస్సు కనబడేదాకా మొగులమ్మ ఆలోచించింది.

"పొడి ఆగితే నా జొన్నకు గింజ నిండుతది సారూ. పండే భూమిని బీడని ఎవలు రాస్తరు? సంతకం మీరే వెడ్తరా?"

చంద్రకాంత్ కారు అద్దం పైకి ఎత్తుకున్నాడు.

ప్రజావాణిలో గుమాస్తా ఆ కాగితాలను అటూ ఇటూ తిప్పాడు. "ఇది కంపెనీ రిపోర్టు కదమ్మా. నీ అర్జీ ఏది?"

"గదే అర్జీ. ఆల్ల మీద ఆల్లే రాయించుకున్నరు బిడ్డా. నువ్వు ముద్ర గుద్దు."