బరువు దిగాక

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ప్రొఫెసరుగారి ఫోను వచ్చింది. ఆదివారం పూట ఆయన ఫోన్ చేశారంటే ఏదో అంటగట్టడానికేనని ఆమెకు తెలుసు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, పాప గౌను మడుస్తూనే విన్నది.

"నీ రీసెర్చి పేపరు అద్భుతంగా వచ్చిందమ్మా. ఒక్క చిన్న మాట. మొదటి పేరు మనవాడిది పెడదాం, పాపం వాడి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నీ గురించి చివర్లో 'కృతజ్ఞతలు' భాగంలో ఘనంగా రాద్దాం. ఎంత చెప్పినా నువ్వు మార్చింది ఒక్క లైనే కదా!"

మనవాడంటే ఆమె పక్క సీటాయన. ఆమె ఉద్యోగం కూడా ఖాయం కాలేదన్న సంగతి ప్రొఫెసరుగారికి గుర్తు రాలేదు. "ఆలోచించి చెప్తానండీ" అని పెట్టేసింది.

వేల ఏళ్ళ కిందట ఖండాల మీద కొండలంత ఎత్తున పేరుకున్న మంచు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు కరిగింది, దాంతో సముద్రం ఎంత దిగింది, ఎంత ఎక్కింది, ఇదంతా కంప్యూటరులో మళ్ళీ నడిపించి చూడటం ఆమె పని. అత్తగారు గొప్పగా "మా కోడలు ఐసుకి లెక్కలు కడుతుంది" అంటే, "ఏ ఫ్యాక్టరీలో?" అని అడిగిన పొరుగువాళ్ళున్నారు. ఆ లెక్కలేమో ఏళ్ళ తరబడి కుదరలేదు. పాత ఒడ్డుల్లో రాళ్ళకు అతుక్కున్న గవ్వలు సముద్రం ఒకచోట ఉండేదంటాయి, కంప్యూటరు ఇంకోచోట అంటుంది. తప్పంతా మంచుదేనని అందరూ మంచుతోనే కుస్తీ పట్టారు. ఆమె నేలను చూసింది. మంచు బరువుకు కుంగిన నేల, మంచు పోగానే ఠక్కున పైకి లేచినట్టు ఎవరో ఎప్పుడో ప్రోగ్రాములో ఒక లైను రాసిపెట్టారు. నేల అలా లేవదు. బరువు దిగిపోయి వేల ఏళ్ళయినా మెల్లమెల్లగా లేస్తూనే ఉంటుంది. ఆమె ఆ లైను మార్చగానే కంప్యూటరు లెక్క గవ్వల మాటతో కుదిరింది.

అంతమంది దాటిపోయిన ఆ లైను దగ్గర తనెందుకు ఆగిందో ఆమెకే తెలుసు. అప్పటికి కాన్పయి కొన్నాళ్ళే అయింది, కుట్లు ఇంకా లాగుతున్నాయి, మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. "బరువు దిగిపోయిందిగా, ఇంకా నీరసమేంటి?" అన్నాడు భర్త. చెడ్డవాడు కాడు. అంటూనే టీ కప్పు చేతికిచ్చాడు, తను తాగేసిన కప్పు, కడగమని. ఆఫీసులో ప్రొఫెసరుగారు "హాయిగా సెలవు గడిపొచ్చావు, ఇక దూకుడే" అన్నారు. అత్తగారు ఒక్కతే ఏమీ అడగలేదు. పాపను తన పక్కలోకి ఎత్తుకుపోతూ, "నువ్వు పడుకోమ్మా. నేను మళ్ళీ మనిషినవ్వడానికి ఏళ్ళు పట్టింది. ఎవరూ ఆగనిస్తేగా!" అంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆ నిద్ర లేకపోతే ఆ లైను ఆమె కంటపడేదే కాదు. కన్నతల్లి కూడా ఇవ్వలేనంత నిద్ర ఇచ్చింది మహాతల్లి.

ఫోను సంగతి చెబితే భర్త న్యూస్ పేపరు లోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు. "పోనిద్దూ, థాంక్స్ చెప్తామంటున్నారుగా. పెద్దవాళ్ళతో గొడవెందుకు?"

దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డ అత్తగారు అడిగింది. "ఆ థాంక్సుల్లో ఎవరెవరి పేర్లు వేస్తారమ్మా?"

"సాయం చేసినవాళ్ళవి అత్తయ్యా. మీ పేరు ఎప్పుడో రాసేశాను. అందరికంటే ముందు మీదే."

అత్తగారి మొహం చాటంత అయింది. తన పేరు ఏ అక్షరాలతో రాసిందో చెప్పించుకుని, ఇంకోసారి చెప్పించుకుని మురిసిపోయింది. తర్వాత దుప్పటి మంచం మీద పడేసి, కొడుకు వైపు ఒక చూపు చూసి, కోడలితో అంది.

"అయితే నువ్వు అందులోకి రాకు. ఈ కొంపలో థాంక్సులతో కడుపు నింపుకోడానికి నేనొక్కదాన్ని చాలు."

భర్త పేపరు దించాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసింది.

"చెప్పమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు ఉత్సాహంగా. "ఒప్పుకున్నట్టేనా?"

"మీరు నాకు పని నేర్పారు, ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుందండీ. కానీ మొదటి పేరు నాదే ఉండాలి."

"ఒక్క లైను కోసం ఇంత పట్టుదలా?"

"అవునండీ, ఒక్క లైనే. కష్టమనిపిస్తే నా లైను తీసేసి, పాత లైను పెట్టి పంపండి."